క్రింపింగ్ ఎవరు చేశారు?

ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు ఎన్ని కిలోవాట్లు కావాలో అడుగుతారు, ప్యానెల్ ఏ కంపెనీదో అడుగుతారు, సబ్సిడీ ఎప్పుడు పడుతుందో నాలుగైదుసార్లు అడుగుతారు. క్రింపింగ్ ఎవరు చేశారని మాత్రం ఎవరూ అడగరు. అడగాలని తట్టదు కూడా. ప్యానెళ్ల కింద నల్లటి ప్లాస్టిక్ తొడుగులో జరిగిపోయే పని అది. ఒకసారి మూశాక పాతికేళ్లపాటు దాన్ని ఎవరూ విప్పి చూడరు. సోలార్ టెక్నీషియన్ పనితనం తెలియాలంటే మొదట చూడాల్సింది అక్కడే.

ప్యానెల్ నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే తీగ ఫ్యాన్లకీ లైట్లకీ వాడే వైరు కాదు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి, ఆ పోగులకి తగరం పూత, పైన ఎండకీ వానకీ తట్టుకునే రెండు పొరల తొడుగు. దాని చివర ఎంసీ-4 అనే కనెక్టర్ బిగించాలి. పని తెలిసినవాడు తొడుగుని ఆరేడు మిల్లీమీటర్ల మేరే ఒలుస్తాడు. ఒలిచేటప్పుడు లోపలి పోగు ఒక్కటీ తెగకూడదు. పోగులన్నిటినీ చిన్న లోహపు పిన్నులోకి దూర్చి, బయట ఏదీ మిగల్లేదని చూసుకుని, క్రింపింగ్ టూల్‌లో ఆ సైజుకి ఉన్న గాడిలో పెట్టి నొక్కుతాడు. ఆ నొక్కడమే క్రింపింగ్. ఆ టూల్‌కి ఒక మంచి గుణం ఉంది. పూర్తిగా నొక్కితే తప్ప నోరు తెరవదు, సగం నొక్కి వదిలేద్దామన్నా కుదరదు. తరవాత పిన్ను పట్టుకుని తీగని గట్టిగా లాగి చూస్తాడు. ఊడి రాకపోతేనే తొడుగులోకి తోస్తాడు. లోపల టిక్కుమన్న చప్పుడు వినిపించాలి. వినిపించాక మళ్లీ ఒకసారి వెనక్కి లాగాలి. ఆపైన వానచుక్క దూరకుండా వెనక మూతని రెండు చిన్న స్పానర్లతో బిగించాలి.

చేయి తిరిగినవాడికి రెండు నిమిషాల పని. మూడు కిలోవాట్ల ఇంట్లో టెక్నీషియన్ తన చేత్తో చేసే కనెక్టర్లు నాలుగో ఆరో ఉంటాయంతే. మిగతావి ప్యానెల్‌తోపాటు ఫ్యాక్టరీలో బిగించే వస్తాయి. ఫ్యాక్టరీలో చేసినవి సాధారణంగా చెడిపోవు. చెడిపోయేవి ఈ నాలుగో ఆరో.

క్రింపింగ్ టూల్ బ్యాగులో లేదని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేసేవాళ్లున్నారు. ఆ రోజుకి ఏమీ కాదు. ఇన్వర్టర్ ఆన్ అవుతుంది, ఫోన్‌లో యూనిట్లు కనిపిస్తాయి, ఇంటాయన స్వీటు పెడతాడు. కానీ ఆ జాయింటులో ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం అదనంగా మిగిలిపోయిందనుకోండి. ఇప్పటి 540 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో పదమూడు ఆంపియర్ల కరెంటు పంపుతుంది. పదమూడుని పదమూడుతో హెచ్చవేసి అందులో పదో వంతు తీస్తే దాదాపు 17 వాట్లు. బొటనవేలంత ప్లాస్టిక్ తొడుగులో, కాలిపోతున్న ప్యానెల్ కింద, రోజూ మధ్యాహ్నం 17 వాట్ల వేడి. రేడియో రిపేరు చేసేవాళ్ల చిన్న సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లది.

పైగా ఇది డీసీ. మన ఇళ్లకొచ్చే ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి పడి లేస్తుంది కాబట్టి, స్విచ్చు తీసినప్పుడు పుట్టే నిప్పురవ్వ (ఆర్కు) అప్పటికప్పుడే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఒకసారి ఆర్కు పట్టుకుందంటే కరెంటు ఉన్నంతసేపూ మండుతూనే ఉంటుంది. కింద మెయిన్ తీసేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ నుంచి ఇన్వర్టర్ దాకా ఉన్న తీగలో మూడొందల వోల్టులు నిలబడే ఉంటాయి. ఇరవయ్యేళ్లు ఇళ్ల వైరింగు చేసిన మంచి ఎలక్ట్రీషియన్ కూడా డాబా ఎక్కాక మార్చుకోవాల్సిన అలవాటు ఇదే. మెయిన్ తీస్తే కరెంటు పోయినట్టే అన్న నమ్మకం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంత సన్నపు పనిని బడి పెట్టి నేర్పించవచ్చా? నేర్పిస్తున్నారు. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2015లో ‘సూర్యమిత్ర’ పేరుతో ఒక శిక్షణ మొదలుపెట్టింది. బాధ్యత గురుగ్రామ్ దగ్గర గ్వాల్‌పహాడీలో ఉన్న జాతీయ సౌరశక్తి సంస్థది. 1982లో సోలార్ ఎనర్జీ సెంటర్‌గా పుట్టి, 2013లో స్వయంప్రతిపత్తి పొందిన సంస్థ అది. శిక్షణ 600 గంటలు, అంటే సుమారు మూడు నెలలు. బ్యాచికి 30 మంది. ఫీజు లేదు, అక్కడే బస, భోజనం. పదో తరగతి తరవాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మ్యాన్, ఫిట్టర్ లాంటి ట్రేడు చేసినవాళ్లూ, డిప్లొమా వాళ్లూ అర్హులు. నాకు అన్నిటికంటే నచ్చిన నిబంధన వేరే ఉంది. బీటెక్ చదివినవాళ్లకి సీటు లేదు! ఇంటికో ఇంజినీరు ఉన్న మన జంటనగరాల్లో ఇలా మొహమాటం లేకుండా చెప్పే కోర్సు ఇంకోటి నాకైతే కనబడలేదు. ఆ సీటు చేతిపని చేసేవాడిది. ఇంజినీరు వచ్చి కూర్చుంటే సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసులోకి వెళ్తాడు, డాబా మాత్రం ఖాళీగానే ఉంటుంది.

సూర్యమిత్రలకి తోబుట్టువులు కూడా ఉన్నారు. సోలార్ పంపుసెట్లకి వరుణమిత్ర, గాలిమరలకి వాయుమిత్ర, చిన్న జలవిద్యుత్ కేంద్రాలకి జల-ఊర్జామిత్ర. ఇవికాక ఐటీఐల్లో ‘సోలార్ టెక్నీషియన్’ అనే ఏడాది ట్రేడు ఒకటుంది, దానికి పదో తరగతి చాలు. కొలువు దొరకడంలో రెండిటికీ పెద్ద తేడా ఉండదు కానీ, పని నేర్పే తీరులో ఉంది. ఏడాది ట్రేడులో కరెంటు అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పుకొస్తారు. మూడు నెలల శిక్షణ అప్పటికే స్పానర్ పట్టిన చేతికి డీసీ భయం నేర్పుతుంది. నా ఓటు రెండోదానికి. ఫిట్టర్ ట్రేడు చేసి వచ్చినవాడికి బోల్టు ఎంత బిగించాలో చేతికే తెలిసి ఉంటుంది. దాన్ని ఏ క్లాసురూములోనూ చెప్పలేరు.

సికింద్రాబాద్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఊరు మొదటినుంచీ చేతులకి చదువు చెప్పిన ఊరు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో లాలాగూడ వర్క్‌షాపు పెట్టిననాటినుంచీ తండ్రి ఫిట్టరైతే కొడుకు టర్నర్‌గానో వెల్డర్‌గానో తయారైన ఇళ్లు మెట్టుగూడ, లాలాపేట గల్లీల నిండా ఉన్నాయి. రైల్వే సిగ్నళ్లు, టెలికాం పని నేర్పే ఇరిసెట్ 1957 నవంబరు 24న తార్నాకలో మొదలైంది. సైన్యం తన రేడియోలు, ఇంజన్లు, రాడార్లు బాగుచేసేవాళ్లని తయారుచేసుకునే ఈఎంఈ కాలేజీ తిరుమలగిరిలో ఉంది. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ వేసిందంటే, లాలాగూడలో ఎన్ని పోస్టులున్నాయో చూసే ఐటీఐ పిల్లలు ఇప్పటికీ వేలల్లో ఉంటారు. హైదరాబాద్ వైపు చదువంటే కాలేజీ, యూనివర్సిటీ. ఇటువైపు చదువంటే వర్క్‌షాపు. సోలార్ కంపెనీలు కూడా ఇక్కడ నిన్నమొన్నటివి కావు. సురానా సోలార్ ఆఫీసు చిరునామా చాలాకాలం సర్దార్ పటేల్ రోడ్డులోని సూర్యా టవర్స్. పేరు అలా కుదిరింది మరి!

ఇక సామాను కావాలంటే రాణిగంజ్ ఉండనే ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్ నట్టూబోల్టూ, స్ప్రింగు వాషరు, జీఐ పట్టీ, రాతికి వేసే యాంకర్ బోల్టు, ఏదడిగినా ఏదో ఒక కొట్టులో దొరుకుతుంది. పని తెలిసినవాడు స్టెయిన్‌లెస్ స్టీలు అడుగుతాడు, తెలియనివాడు మెరిసేది ఏదైనా తెచ్చుకుంటాడు. రెండు వానాకాలాలు గడిచాక ఏ బోల్టు ఏదో డాబా మీద తుప్పే చెబుతుంది.

మళ్లీ శిక్షణ సంగతికొస్తే, అమెరికాలో ఇలాంటి చేతిపని చదువు కమ్యూనిటీ కాలేజీల ద్వారా సాగింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీ అంటే ఊరి పిల్లలు ఇంటి దగ్గర్నుంచే వెళ్లి, తక్కువ ఫీజుతో రెండేళ్లలో ఒక పని నేర్చుకుని బయటపడే చోటు. ఐయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఐయోవా లేక్స్ కమ్యూనిటీ కాలేజీ 2004లోనే గాలిమరల టెక్నీషియన్ కోర్సు పెట్టింది. న్యూమెక్సికోలో టుకుంకారీ అనే చిన్న ఊరి మెసాలాండ్స్ కమ్యూనిటీ కాలేజీ ఇంకో అడుగు వేసి, 2008లో తన ఆవరణలోనే ఒకటిన్నర మెగావాట్ల నిజమైన గాలిమర నిలబెట్టింది. పిల్లలు బొమ్మ మీద కాదు, కరెంటు ఇచ్చే మర మీద నేర్చుకున్నారు. మన దేశంలో ఆ నమూనాకి తొలి అడుగు 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వేసింది. తరవాత యూజీసీ కూడా ఒక పథకం పెట్టింది. అయినా ఆ పేరు మన జనం నోట నాటుకోలేదు. మనకి ఆ పని చేస్తున్నది ఐటీఐ.

లేదంటే పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో ఉన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ లాంటివి. వినోబా భావే భూదానం 1951 ఏప్రిల్ 18న మొదలైన ఊరు ఆ పోచంపల్లే. పల్లెల పిల్లలు అక్కడే ఉండి, తిని నేర్చుకునే పనుల్లో సోలార్ బిగింపు కూడా ఒకటి. అక్కడ నేర్చుకున్నవాడు పనికోసం ఈసీఐఎల్‌కో అల్వాల్‌కో వస్తాడు. భూమి పంచిన ఊరినుంచి ఎండని కోసుకొచ్చే కుర్రాళ్లు వస్తున్నారని రాయాలని చేయి లాగుతోంది కానీ, వాళ్ల పని అంత కవిత్వంగా ఏమీ ఉండదు. ఉదయం ఆరింటికి డాబా ఎక్కి, పదకొండు దాటి కాంక్రీటు కాలక ముందే దిగాలి.

శిక్షణలో నాకు అత్యంత అందంగా అనిపించేది మల్టీమీటర్ చదవడం నేర్పే భాగం. ఆరు ప్యానెళ్లని వరసగా కలిపితే ఒక స్ట్రింగ్. ప్యానెల్ వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 49.5 అని ఉందనుకుందాం. ఆరింటికి 297. కానీ ఆ లేబుల్ 25 డిగ్రీల దగ్గర కొలిచి రాసింది. మే నెలలో డాబా మీద ప్యానెల్ 60 డిగ్రీలకి చేరుతుంది. ప్రతి డిగ్రీకీ వోల్టేజి 0.27 శాతం చొప్పున జారుతుంది. 35 డిగ్రీలకి తొమ్మిదిన్నర శాతం పోతే మీటరు 269 దగ్గర ఆగాలి. 297 చూపించలేదని కంగారుపడేవాడు సగం నేర్చినవాడు. 269 చూసి మీటరు బ్యాగులో పెట్టేసేవాడికి పని వచ్చింది.

అదే 224 చూపిస్తే? నలభై అయిదు పోయాయి, అంటే ఒక ప్యానెల్ మొత్తం లెక్కలోకి రావడం లేదు. 254 చూపిస్తే? పోయింది పదిహేనే. పదిహేను అంటే ఒక ప్యానెల్‌లో మూడో వంతు. ప్రతి ప్యానెల్ వెనక డబ్బాలో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, ఒక్కోటి మూడో వంతుకి కాపలా. వాటిలో ఒకటి షార్ట్ అయిందన్నమాట. ప్యానెల్ విప్పకుండా, నిచ్చెన కూడా ఎక్కకుండా, కింద తీగలు వచ్చి చేరే డబ్బా దగ్గర నిలబడి రెండు మొనలు ఆనించి ఆ సంగతి చెప్పవచ్చు. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ప్లస్సూ మైనస్సూ తారుమారుగా క్రింప్ అయ్యాయి. అంకే రాకపోతే ఏదో ఒక కనెక్టర్ టిక్కుమనలేదు. నాడి పట్టి చెప్పే వైద్యుల గురించి కథలు విన్నాం. ఇక్కడ కథలేం లేవు, పదో తరగతి కూడికలు తీసివేతలే.

ఈ లెక్కకి రెండో వైపు ఒకటుంది. ఎండకి వోల్టేజి తగ్గితే చలికి పెరుగుతుంది. ఒక పెద్ద ఇంటికి పన్నెండు ప్యానెళ్లు ఒకే స్ట్రింగ్‌గా కలిపారనుకోండి. లేబుల్ ప్రకారం 594 వోల్టులు. ఇన్వర్టర్ 600 దాకా తట్టుకుంటుంది కాబట్టి సరిపోయిందనిపిస్తుంది. కానీ డిసెంబరులో బొల్లారం వైపు పొద్దున్నే పది డిగ్రీల చలిలో సూర్యుడు ప్యానెల్ మీద పడే ఆ మొదటి నిమిషాల్లో అదే స్ట్రింగ్ 618 చూపిస్తుంది. ఇన్వర్టర్ పోతుంది. పోయేది డిసెంబరులో, తప్పు జరిగేది మే నెలలో. పనివాడు బిగించే రోజున లేని చలిని ముందే ఊహించగలగాలి.

నీడ కూడా ఇలాంటిదే. మన డాబాల మీద సింటెక్స్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటి కొబ్బరిచెట్టు, ఎదురు అపార్ట్‌మెంట్ అన్నీ ఉంటాయి. ప్యానెళ్లు దక్షిణానికి తిరిగి, మన అక్షాంశానికి తగ్గట్టు పదిహేను పదిహేడు డిగ్రీల వాలులో ఉండాలన్నది మొదటి పాఠం. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు వరకే వస్తాడు, ట్యాంకు నీడ ఉత్తరానికి సాగుతుంది. అందుకని ట్యాంకుకి దక్షిణాన పెట్టేస్తే చాలనుకుంటాం. కానీ హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చి, నిటారుగా ఉన్న స్తంభానికి నీడే ఉండదు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ అదే. ఆ మధ్యలో దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి తిరుగుతుంది. నెత్తిమీదే ఉంటాడు కాబట్టి ఆ నీడ పొట్టిదే. అయినా ట్యాంకుని ఆనుకుని బిగించిన ప్యానెల్ అంచుని ఆ పొట్టి నీడ చాలు, తాకడానికి. ప్యానెళ్లు దండగుచ్చినట్టు ఒకే తీగ మీద ఉంటాయి కదా, ఒకదాని మీద పడ్డ నీడ దాని వాటా మటుకే తగ్గించి ఊరుకోదు.

ఇప్పుడు ఎర్తింగ్. ఇదొక్కటీ ఈ ఊరి ప్రత్యేక పరీక్ష. సోలార్ పెట్టిన ఇంటికి మూడు ఎర్త్ పిట్లు కావాలి. ఒకటి పిడుగుపాటు నుంచి కాపాడే కడ్డీకి, ఒకటి ప్యానెళ్ల ఫ్రేములకీ స్ట్రక్చర్‌కీ, ఒకటి ఏసీ వైపు. పుస్తకాల్లో ఎర్త్ పిట్ అంటే రెండున్నర మూడు మీటర్ల గొయ్యి తీసి ఎలక్ట్రోడ్ పాతడం. ఆ పుస్తకం రాసినవాడు మౌలాలి గుట్ట చూసి ఉండడు. మారేడ్‌పల్లిలోనో మల్కాజిగిరిలోనో మూడడుగులు తవ్వేసరికి గడ్డపార ఖంగుమంటుంది. కింద కోట్ల ఏళ్లనాటి దక్కన్ గ్రానైటు. రాయి కరెంటుని తీసుకోదు. నేర్పున్న పనివాడు అక్కడ మొండికేయడు. బోరు మిషన్‌తో సన్నగా దింపించడమో, లోతు కుదరకపోతే జీఐ పట్టీని కందకంలో అడ్డంగా పొడుగ్గా పరచడమో, రెండు మూడు ఎలక్ట్రోడ్లని దూరదూరంగా పాతి కలపడమో చేస్తాడు. తేమని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి చుట్టూ దట్టిస్తాడు.

చేశాక కొలవాలి. ఎర్త్ టెస్టర్‌కి రెండు మేకులుంటాయి. ఎలక్ట్రోడ్ నుంచి ఒక మేకు దూరంగా, రెండోది ఆ దూరంలో 62 శాతం దగ్గర పాతి మీటరు చూడాలి. అయిదు ఓమ్‌ల లోపు రావాలి. గోడ నుంచి గోడ దాకా సిమెంటు పోసిన మన గల్లీల్లో మేకు దిగే మట్టి ఎక్కడుంది? గేటు పక్కన తులసికోట, ఎదురింటివాళ్ల పూలకుండీల వరస, మున్సిపాలిటీవాళ్లు చెట్టు నాటి వదిలేసిన గుండ్రటి ఖాళీ. “అమ్మా, మీ మొక్క పక్కన ఒక్క నిమిషం మేకు పాతుకుంటాం” అని అడగడం కూడా ఈ విద్యలో భాగమే. ఎర్తింగ్ రీడింగు తీయకుండానే కాగితం మీద “2.8” అని వేసేసే పద్ధతి కూడా ఉంది, అది వేరే విద్య.

స్ట్రక్చర్ దగ్గరికి వస్తే చూసేవాళ్లకి అది ప్యానెళ్లని మోసే ఇనుప బల్లలా ఉంటుంది. నిజానికి మోయడం చిన్న సంగతి, ప్యానెల్ బరువు 28 కిలోలే. అసలు పని పట్టి ఉంచడం. హైదరాబాద్ ప్రాంతానికి భారతీయ ప్రమాణాలు చెప్పే గాలివేగం సెకనుకి 44 మీటర్లు, గంటకి 158 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి దాదాపు 118 కిలోల ఒత్తిడి పెడుతుంది. రెండున్నర చదరపు మీటర్లు దాటిన ప్యానెల్‌ని అది ఇంచుమించు మూడొందల కిలోల బలంతో పైకి లేపాలని చూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట విరుచుకుపడే గాలివానలు చూసినవాళ్లకి ఈ లెక్క అతిశయోక్తి అనిపించదు.

దీనికితోడు మన ఇళ్లలో డాబా ఖాళీ స్థలం కాదు. అక్కడ బట్టలు ఆరాలి, వడియాలు ఎండాలి, వేసవి రాత్రుళ్లు పక్కలు పడాలి. కాబట్టి ఇంటావిడ స్ట్రక్చర్ మనిషి ఎత్తు దాటాలంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. స్లాబుకి డ్రిల్లు వేస్తే వానాకాలం కింద బెడ్‌రూములో చెమ్మ దిగుతుంది. వీటన్నిటినీ సర్దుతూ, స్లాబు తొలవకుండా కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటి బరువు గాలికి సరిపోతుందా అని లెక్క చూసి, కాళ్లు నిలబెట్టాలి. పైపు పొడుగెక్కువైతే గ్రైండర్‌తో కోస్తారు. కోసిన చోట జింకు పూత పోతుంది, పచ్చి ఇనుము బయటపడుతుంది. ఆ అంచుకి జింకు పెయింటు వేశాడా లేదా అన్నదే నేనైతే మొదట చూస్తాను. అరనిమిషం పని. వేసినవాడు మిగతావీ సరిగ్గానే చేసి ఉంటాడు.

బోల్టు బిగింపులోనూ మర్యాద ఉంది. వదులైతే గాలికి ఊగి ఊడుతుంది, అతిగా బిగిస్తే అద్దం పగులుతుంది. టార్క్ రెంచ్ పెట్టి, చెప్పినంత బిగించి, నట్టు మీదనుంచి ఫ్రేము మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తారు. ఏడాది తరవాత వచ్చి చూస్తే గీత ఒకే వరసలో ఉందంటే నట్టు కదల్లేదు, విరిగిందంటే కదిలింది.

ఇంత మెచ్చుకున్నాక మూడు నెలల్లో ఇదంతా వచ్చేస్తుందా అంటే, రాదు. ఆరొందల గంటల్లో తప్పు ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది. ఒళ్లు అలవాటు పడడానికి పెద్ద మేస్త్రీ పక్కన కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవాలి. ఇక్కడే మన ఏర్పాటు కుంటుతోంది. సూర్యమిత్ర మొదలైనప్పుడు 2020 నాటికి 50,000 మందిని తయారుచేయాలన్నారు. ఎంతమంది నేర్చారో సర్టిఫికెట్లు లెక్కపెట్టి చెప్పడం తేలిక, ఎంతమంది ఇంకా డాబాల మీద ఉన్నారో చెప్పడం కష్టం. పని చాలాచోట్ల కిలోవాటుకి ఇంతని గుత్తకి పోతుంది. గుత్త పనిలో తొందరపడ్డవాడికే నాలుగు డబ్బులు మిగులుతాయి. తీగని రెండోసారి లాగి చూడమని బడి చెబుతుంది, చూడొద్దని గుత్త చెబుతుంది. కుర్రాడు ఎవరి మాట వింటాడో ఊహించడం కష్టం కాదు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంతో ఈ తొందర పెరిగింది. కోటి ఇళ్లు, 75,021 కోట్ల రూపాయలు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30,000, మూడు కిలోవాట్లకీ ఆపైనా 78,000 సబ్సిడీ. తెలంగాణ 2025లో ప్రకటించిన విధానంలో 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల హరిత విద్యుత్తు చేర్చాలన్న లక్ష్యం ఉంది. మహిళా సంఘాలచేత 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని కూడా ఒప్పందం కుదిరింది. 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మారుస్తున్నారు. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. శిక్షణ ముగిసిన రోజు సర్టిఫికెట్‌తోపాటు మంచి క్రింపింగ్ టూల్, మల్టీమీటర్, సేఫ్టీ బెల్టు ఆ కుర్రాడి సొంతం చేయాలి. బెల్టు లేకుండా పిట్టగోడ అంచున నిలబడి ప్యానెల్ అందుకునేవాళ్లని మన వీధుల్లోనే చూస్తున్నాం. ఆడపిల్లలు ఈ పనికి తక్కువగా రావడానికి డాబా ఎత్తు కారణమంటారు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అక్షరం రాని అమ్మమ్మలకే సోలార్ దీపాల సర్క్యూట్లు నేర్పించి పంపిందని తెలిశాక ఆ కారణం నిలవదు.

ప్యానెల్‌కి పాతికేళ్ల వారంటీ ఇస్తారు. ఇన్వర్టర్ పదీ పన్నెండేళ్లకి మారుతుంది. అంటే ఇవాళ పద్మారావునగర్‌లో పెట్టిన సిస్టమ్‌కి ఇన్వర్టర్ మార్చేవాడు ఇప్పుడు ఆరో తరగతిలో ఉండుంటాడు. అప్పటికి బిగించిన కంపెనీ ఉంటుందో లేదో, బిగించినవాడు ఎక్కడుంటాడో. అందుకని శిక్షణలో ఆఖరున ఒక పని చేయిస్తారు. ఏ ప్యానెల్ ఏ స్ట్రింగ్‌లో ఉంది, ఏ తీగ ఏ ఫ్యూజుకి వచ్చింది, ఎర్త్ పిట్లు ఇంటికి ఏ మూలన ఉన్నాయి, ఆ రోజు మీటరు ఎంత చూపించింది, ఇవన్నీ ఒక్క గీతల బొమ్మగా గీసి, తేదీ వేసి, లామినేషన్ చేసి డబ్బా తలుపుకి లోపలివైపు అంటించాలి. తీగలకి రెండు చివరలా ఒకే నంబరు వేయాలి. మీ ఇంట్లో సోలార్ ఉంటే ఒకసారి ఆ తలుపు తెరిచి చూడండి. బొమ్మ లేకపోతే ఫోన్ చేసి పిలిపించి గీయించండి, డబ్బులు అదనంగా అడిగినా సరే.